బాట మీది వాన, వాగులోని వరద



వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో మూసీ నది పుడుతుంది. ఆ గుట్టల వాలుల్లో, కింది ఊళ్ళలో ఈమధ్య తోటలు పెరిగాయి, తోటల్లో ఇళ్ళు వెలిశాయి. ఇల్లన్నాక బాట కావాలి. పెద్ద రోడ్డు దిగి, వాలులో కిందికి వచ్చి, ఒక ఒర్రెనో వాగునో దాటి, అవతలి గడ్డ ఎక్కితే గానీ ఇల్లు రాదు. జేసీబీ ఒక పూట పనిచేస్తే బాట పడుతుంది. దాని మీద మొరం పోసి, వాగులో రెండు సిమెంటు పైపులు వేసి, పైన మట్టి కప్పితే కారు గడప దాకా వెళ్తుంది. మే నెలలో ఆ బాట చూడముచ్చటగా ఉంటుంది. ఆగస్టులో చూడాలి దాన్ని.

ఆగస్టు నాటికి చక్రాల జాడల వెంట రెండు చాళ్ళు పడి ఉంటాయి. మొరంలోని మెత్తనిదంతా కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలి ఉంటాయి. పోయిన మట్టి పైపుల మూతి దగ్గర మేట వేసి ఉంటుంది. ఒక గట్టి వాన పడిన రాత్రి పైపుల పక్క నుంచి గండి పడుతుంది. తెల్లారి ఇంటాయన అనే మాట ఒకటే: వాగొచ్చి బాటను కొట్టుకుపోయింది. మరుసటి ఎండాకాలం మరో పైపు తెచ్చి వేస్తాడు, ఇంకాస్త ఎత్తుగా మట్టి పోస్తాడు. ఆ ఏడు గండి ఇంకాస్త పెద్దదవుతుంది.

ఇక్కడ రెండు నీళ్ళున్నాయి. ఒకటి వాగులో వచ్చే నీరు. రెండోది బాట మీద పడి, బాట వెంటే కిందికి పారి, వాగు దగ్గరికి చేరే నీరు. మనం డబ్బంతా మొదటిదాని మీద పెడతాం. కానీ అసలు పాడు చేసేది చాలాచోట్ల ఆ రెండోదే. బాట వాగు దాటే చోట కడుపునొప్పి కనిపిస్తుంది గానీ, తిన్నది పైన ఎక్కడో. కాబట్టి ఈరోజు పై నుంచే మొదలుపెడదాం.

ఒక లెక్క చెబుతాను, గుర్తుంచుకోవడం తేలిక. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ బాట 200 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకోండి. 800 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే, అంటే 10 సెంటీమీటర్లు, ఆ బాట మీద పడేది 80 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 16. వాతావరణ శాఖ వారి భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6కు చేరితే అతి భారీ వర్షం. అంటే నేను చెప్పిన వాన ఎప్పుడో నూరేళ్ళకు వచ్చేది కాదు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్ శివార్లలోని ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లు దాటింది.

పక్కన ఉన్న చేనులో అదే వాన పడితే చాలావరకు ఇంకుతుంది. చెట్లు, గడ్డి ఉన్న చోట ఇంకా ఎక్కువ ఇంకుతుంది. ట్రాక్టరు, కారు తిరిగి గట్టిపడిన బాట మీద ఇంకదు, జారుతుంది. పైగా బాట తన మీద పడ్డ వానతో ఊరుకోదు. గుట్ట వాలును అడ్డంగా కోసి వేసిన బాట పై చేలలో నుంచి దిగే నీటిని కూడా పట్టుకుని తన వెంట తీసుకుపోతుంది. అంటే మనం బాట వేశామనుకుంటున్నాం గానీ, వేసింది కాలువ.

ఆ కాలువలో నీరు ఎంత దూరం పారితే అంత వేగం. వేగం పెరిగితే ఏమవుతుందో 19వ శతాబ్దంలో విలియం హాప్కిన్స్ అనే ఇంగ్లండు పండితుడు లెక్క కట్టి చెప్పాడు. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు రెట్టింపు కాదు, 64 రెట్లు. బాట తల దగ్గర ఇసుక రేణువును కదిలించలేని నీరు, అడుగున గుప్పెడు రాయిని తోసుకుపోవడానికి కారణం అదే. ఈ లెక్క తిరగేసి చూస్తే మనకు కావలసిన ఉపాయం దొరుకుతుంది. నీటిని వేగం అందుకోనివ్వకూడదు. అందుకునేలోపే బాట మీది నుంచి పక్కకు దించేయాలి. ఒకేచోట 80 వేల లీటర్లను అడ్డుకోవడం ఎవరి వల్లా కాదు. అయిదారు చోట్ల కొంచెం కొంచెంగా గడ్డిలోకి వదలడం ఎవరికైనా సాధ్యమే.

మొదటి పని బాటకు నడుము ఎత్తు చేయడం. నడుమ ఎత్తుగా, రెండు అంచులకు వాలుగా ఉండాలి. పల్లె రోడ్లకు భారత రోడ్ల కాంగ్రెస్ వారి నియమాల్లో మట్టి బాటకు వందకు 4 నుంచి 5 వరకు వాలు చెప్పారు. 4 మీటర్ల వెడల్పు బాటకు, నడుమ నుంచి అంచుకు 2 మీటర్లు కదా, నడుము 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎత్తు ఉంటే చాలు. అరచేయి వెడల్పు. కానీ జేసీబీ ఆపరేటరు బాటను చదును చేస్తూ గీకిన మట్టిని రెండు అంచుల్లో సన్నటి గట్టులా వదిలేసి పోతాడు. చూడటానికి అంచు కట్టినట్టు అందంగా ఉంటుంది. ఆ గట్టు ఉన్నంతకాలం మీరు ఇచ్చిన నడుము వృథా. నీరు అంచుకు వచ్చి, బయటికి పోలేక, గట్టు వెంటే కిందికి పరుగెడుతుంది. ఆపరేటరుకు కిరాయి ఇచ్చే ముందు ఆ గట్టును తీయించండి.

రెండో పని, వాలు పొడవునా అక్కడక్కడ నీటిని మళ్ళించే పల్లాలు. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను, మాటల్లో ఊహించుకోండి. బాట కిందికి దిగుతూ ఉంది. ఒకచోట ఆ దిగుడు ఆగి, ఆరు మీటర్ల దూరం జానెడు ఎత్తు మెల్లగా పైకి లేచి, మళ్ళీ దిగుతుంది. పైకి లేచే చోటికి ముందు ఒక పల్లం ఏర్పడుతుంది కదా. ఆ పల్లాన్ని బాటకు అడ్డంగా కాక కాస్త ఏటవాలుగా, కింది అంచు వైపు ఒరిగేలా చేస్తాం. పై నుంచి వచ్చిన నీరు ఎదురు ఎత్తు ఎక్కలేక, పల్లం వెంట పక్కకు దిగిపోతుంది. ఇది స్పీడు బ్రేకరు కాదు. కారు అడుగు నేలకు తగలదు, ఎరువు బస్తాల ట్రాక్టరు కుదుపు లేకుండా పోతుంది. అమెరికాలో ఉత్తర కరోలినా కొండల్లో కోవీటా అనే జల పరిశోధన కేంద్రం ఉంది, 1934లో మొదలైంది. అడవి బాటలు వాగుల్ని ఎలా బురద చేస్తాయో దశాబ్దాల పాటు కొలిచిన చోటు అది. ఈ తరహా పల్లాలు అక్కడ బాగా పదునెక్కాయి. మన దగ్గర గుట్ట బాటల మీద పాతకాలం వాళ్ళు రాళ్ళు ఏటవాలుగా పాతి నీటిని పక్కకు తిప్పేవారు. తత్వం అదే. కాకపోతే బండి చక్రానికి ఓర్పు ఎక్కువ, కారుకు తక్కువ.

ఎంత దూరానికి ఒకటి? వాలును బట్టి. వాలు కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. మేస్త్రీ దగ్గర నీళ్ళ పైపు ఉంటుంది, లెవెల్ చూసే సన్నటి గాజురంగు పైపు. దానితో 10 మీటర్ల దూరానికి బాట ఎంత దిగిందో చూడండి. అరమీటరు దిగితే వందకు 5. మీటరు దిగితే వందకు 10. వందకు 5 ఉన్నచోట 40 మీటర్లకొకటి, వందకు 10 ఉన్నచోట 25 మీటర్లకొకటి వేస్తే నయం. వందకు 2 మాత్రమే దిగే బాటకు 75 మీటర్లకొకటి సరిపోతుంది. వందకు 10 దాటిందంటే ఈ పల్లాలు నిలవవు, అలాంటి ముక్కకు రాయో కాంక్రీటో వేయక తప్పదు. బాటంతా అక్కర్లేదు, చక్రాలు నడిచే రెండు పట్టీలకు వేసినా చాలు, అడ్డంగా నీటి కాలువలు మాత్రం వదలాలి.

పల్లం నుంచి బయటికి వచ్చిన నీరు ఎక్కడికి పోతోందన్నది ఇంకా ముఖ్యం. నాకు ఎక్కువ కోపం తెప్పించే పని ఒకటుంది. బాట పక్క కాలువను సూటిగా తవ్వుకుంటూ తెచ్చి వాగులో కలిపేయడం. కాలువ శుభ్రంగా ఉంటుంది, బాట ఆరిపోతుంది, ఎర్రటి బురదంతా వాగు పాలవుతుంది. అక్కడి నుంచి అది ఊరి కుంటలోకి, చెరువులోకి పోతుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీయవలసిన చెరువులు 46 వేలకు పైగా లెక్క తేలాయి. ఆ పూడికంతా బాటల మట్టేనని నేను అనను. దున్నిన చేలది పెద్ద వాటా. అయితే ప్రతి బాటా వాగు దాటే చోట తన వాటా తాను వేస్తూనే ఉంటుంది, అదీ వడపోత లేకుండా.

అందుకని వాగుకు చేరడానికి ముందే, కనీసం 15 మీటర్ల ఇవతల, కాలువను పక్కకు తిప్పి గడ్డిలోకి వదిలేయండి. గడ్డిలో నీరు పరుచుకుంటుంది, నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించుతుంది. వాలు ఎక్కువుంటే ఈ దూరం పెంచాలి. నీరు పడే చోట నాలుగు తట్టల రాళ్ళు పరచండి, లేకపోతే అక్కడొక గుంత పడి అది మళ్ళీ కాలువవుతుంది. గడ్డి లేకపోతే నాటండి. వట్టివేరు మంచిది, దాని వేళ్ళు పక్కకు పాకకుండా నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. తొలకరికి నాటితే శ్రావణం నాటికి పట్టు దొరుకుతుంది. ఇంకో సంగతి, ఆ గడ్డి మీ పొలంలోనే ఉండాలి. మీ బాట నీరు పక్క రైతు కందిచేనులోకి తిప్పితే, బాట నిలవొచ్చు గానీ పొత్తు నిలవదు.

ఇప్పుడు వాగు దగ్గరికి వద్దాం. వాగుకు రెండు వైపులా చివరి పది, పదిహేను మీటర్లు బాట వాగు వైపు దిగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ముక్క నీరు ఎటు తిప్పినా కొంత వాగులోకే పోతుంది. అందుకే ఆ ముక్కకు వదులు మొరం పనికిరాదు. రాతి పరుపు వేయాలి, స్తోమత ఉంటే కాంక్రీటు. డబ్బు తక్కువుంటే బాట మొత్తానికి పలచగా మొరం పోసేకన్నా, ఆ డబ్బు తెచ్చి ఈ ముక్క మీద పెట్టడం తెలివి.

ఇక వాగులో పైపులు. మనవాళ్ళు తూములనీ, మోరీ పైపులనీ అనే హ్యూమ్ పైపును 1910లో ఆస్ట్రేలియాలో వాల్టర్ హ్యూమ్ కనిపెట్టాడు. అచ్చును గిరగిర తిప్పి కాంక్రీటును గోడకు అదిమే పద్ధతి అది. గొప్ప వస్తువే. చిక్కంతా కొలతలో. 300 మిల్లీమీటర్ల పైపులు మూడు వేస్తే 900 మిల్లీమీటర్ల పైపు ఒకటి వేసినంత అనుకుంటారు. కాదు. పైపు వెడల్పు మూడింతలైతే లోపలి ఖాళీ తొమ్మిదింతలు. మూడు చిన్న పైపులు కలిపినా పెద్ద పైపులో మూడోవంతే. పైగా చిన్న పైపుకు ఒక తుమ్మకొమ్మ, ఒక ప్లాస్టిక్ సంచి అడ్డం పడితే పని అయిపోయింది.

పెద్ద పైపైనా ఎన్ని కావాలి? వాగు పైన ఎంత నేల నీరు అందులోకి వస్తుందో దాన్నిబట్టి వరద ఉంటుంది. 1884లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం రైవ్స్ అనే ఇంజినీరు ఒక సూత్రం ఇచ్చాడు, ఇప్పటికీ దక్షిణాదిలో వాడతారు. నిజాం రాజ్యంలో చీఫ్ ఇంజినీరుగా చేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దక్కన్ వాగుల కోసం వేరే సూత్రం కట్టాడు. తెలంగాణలో జులై 11న ఇంజినీర్ల దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. రెండింటిలో రైవ్స్‌ది నోటితో చెప్పడానికి తేలిక కాబట్టి దానితో చూద్దాం. అందులోని గుణకం ప్రాంతాన్ని బట్టి 6.8 నుంచి 10.2 దాకా ఉంటుంది. అతి తక్కువదే తీసుకుందాం. వాగు పైన ఒక చదరపు కిలోమీటరు నేల ఉందనుకోండి, అంటే సుమారు 250 ఎకరాలు. సూత్రం ప్రకారం వరద సెకనుకు 6,800 లీటర్లు. 900 మిల్లీమీటర్ల పైపు నిండుగా, సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారితే మోసేది సుమారు 1,270 లీటర్లు. అయిదు పైపులు వేసినా చాలదు. మనం వేసింది రెండు.

అందుకే ఏడాదిలో పది రోజులు పారి మిగతా రోజులు ఇసుక కనిపించే ఒర్రెకు పైపులే వద్దంటాను. చప్టా వేయండి. వాగు అడుగు మట్టానికే, నడుమ కాస్త పల్లంగా, కాంక్రీటు పలక. ఎండాకాలం, చలికాలం కారు దాని మీదుగా పోతుంది. వరద వస్తే నీరు దాని మీదుగా పోతుంది. నీటికి ఎదురు లేదు కాబట్టి గండి లేదు. పూడుకుపోయే మూతి లేదు. వాన పడ్డ రోజు రెండు మూడు గంటలు ఆగాల్సి వస్తుంది, అంతే. ఈ ఆగడం చాలామందికి నచ్చదు. లక్షలు పోసి తోట కొన్నాక వాగు దయ మీద ఆధారపడటమేమిటంటారు. పైపుల మీద కట్ట వేసుకున్నవాళ్ళు ఆగేది గంటలు కాదు, గండి పూడ్చే దాకా.

చప్టాను వాగుకు సరిగ్గా అడ్డంగా, వంపు లేని తిన్నని చోట వేయాలి. వంపులో వేస్తే వాగు బయటి గట్టును కోసి పక్కగా పోతుంది, మీ కాంక్రీటు ద్వీపంలా మిగులుతుంది. పలక ఎగువ అంచునా, దిగువ అంచునా భూమిలోకి గోడ దింపాలి, దిగువది ఇంకాస్త లోతు. చప్టాలు పాడయ్యేది పైన పగిలి కాదు. దిగువన నీరు దూకే చోట గుంత పడి, ఆ గుంత వెనక్కి జరుగుతూ పలక కిందికి వస్తుంది. దిగువన నాలుగైదు మీటర్లు పెద్ద రాళ్ళు పరిస్తే ఆ బాధ ఉండదు. ఇసుక బస్తాలు మాత్రం పెట్టకండి, రెండో ఏడుకు ఎండకు సంచి చిరిగి అంతా పోతుంది.

సంవత్సరమంతా పారే వాగైతే పైపులు తప్పవు. అప్పుడు పైపును వాగు అడుగు వాలుకే, అడుగులో కాస్త దింపి వేయాలి. ఎత్తులో వేస్తే దిగువన నీరు దూకి గుంత పడుతుంది, చేపలు ఎదురెక్కలేవు. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి కుదించి ఉండాలి, లేకపోతే మొరం లారీకి పైపు పగులుతుంది. రెండు వైపులా రాతి గోడలు కట్టాలి. పైపు పక్క మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి, ఎందుకంటే ముందు సన్నటి ధార పైపు వెంటే చొరబడుతుంది, గండికి దారి అదే వేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్ని పైపులు వేసినా ఒకనాటి వరద వాటిని మించుతుంది. ఆనాడు నీరు ఎక్కడ పొంగాలో ముందే మీరు నిర్ణయించాలి. పైపులకు కాస్త పక్కగా బాటను ఒకచోట అడుగున్నర పల్లం చేసి, ఆ పల్లానికి కాంక్రీటు వేయండి. వరద అక్కడ పొంగి పోతుంది. అలా వదలకపోతే చోటు నీరే ఎంచుకుంటుంది.

అలా ఎంచుకున్నప్పుడు ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో చూశాం. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు కట్ట మీదుగా వరద పొర్లింది. కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అది పెద్ద ఇంజినీర్లు కట్టి, ఎందరో కాపలా కాసే కట్ట. మన తోట బాటకు ఆ పాటి కాపలా కూడా లేదు.

ఇక అనుమతి సంగతి. వాగు పోరంబోకు ప్రభుత్వ భూమి. మీ పట్టా భూమి ఇటూ అటూ ఉన్నా నడుమ వాగు మీది కాదు. చప్టా అయినా పైపులైనా వేసే ముందు తహసీల్దారు కార్యాలయంలో, నీటిపారుదల శాఖలో అడిగి కాగితం తీసుకోండి. వాళ్ళ దగ్గర పటాలుంటాయి, పై నుంచి ఎంత నేల నీరు వస్తుందో కూడా చెప్పగలరు. దిగువ రైతును కూడా అడగండి. ఆ వాగు ఎంత ఎత్తుకు వచ్చిందో ఆయన చెట్టు మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

పని ఎప్పుడు చేయించాలి? మార్చి, ఏప్రిల్‌లో. మృగశిర కార్తెకు ముందు వారంలో తవ్విన వదులు మట్టి మొదటి వానకే వాగులో ఉంటుంది. మృగశిరకు ముందు చేయాల్సింది శుభ్రం చేయడమే: పైపుల మూతులు, పల్లాల చివరలు, కాలువల మలుపులు. ఆ తర్వాత ఒక గట్టి వాన పడుతుండగా గొడుగు వేసుకుని, చేతిలో పార పట్టుకుని, పై నుంచి వాగు దాకా ఒకసారి నడవండి. ఉరుములుంటే వద్దు. ఎండ పూట ఏ ఇంజినీరూ చూపించలేనిది ఆ వాన చూపిస్తుంది. నీరు ఎక్కడ బాట ఎక్కుతోంది, ఎక్కడ దిగకుండా మొండికేస్తోంది, ఏ పల్లాన్ని దాటేస్తోంది, అన్నీ కనిపిస్తాయి. అక్కడికక్కడ నాలుగు పారల మట్టి తీస్తే తీరేవి చాలా ఉంటాయి. హస్త, చిత్త కార్తెల్లో వాయుగుండాల వానలు వచ్చే ముందు మళ్ళీ ఒకసారి చూడాలి.

చప్టా వేసుకున్నవాళ్ళు దాని పక్కన ఒక గుంజ పాతి, అడుగుల గుర్తులు రంగు వేసి పెట్టండి. పారే నీరు ఒక అడుగు లోతుంటే చాలు, చిన్న కారును పక్కకు తోసేస్తుంది. రెండడుగులుంటే జీపు కూడా ఆగదు. మోకాలి కిందే కదా అని నడిచేవాడికి అడుగున పలక ఉందో, కొట్టుకుపోయిందో బురద నీటిలో తెలియదు. రాత్రి పూట అసలే తెలియదు. గుంజ మీద మొదటి గుర్తు మునిగితే కారు ఇవతలే ఆపండి. ఇంట్లోవాళ్ళకు, పాలు తెచ్చే అబ్బాయికి, బడి ఆటో నడిపేవాళ్ళకు కూడా ఆ గుర్తు ఏమిటో చెప్పి పెట్టండి. రెండు మూడు గంటల్లో ఒర్రె తగ్గుతుంది.